గుమ్మానికింత నీళ్ళు

రెండో అంతస్తు, మెట్ల పక్క ఇల్లు
సోమవారం, పిల్లలు కునుకు తీస్తున్న వేళ

మరదలికి,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానా అనుకోకు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

ఈ ఉదయం మీ నీళ్ళ ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒకతను ఫిట్టరు, రెండో అతను ఫైలు మోసే మనిషి. "అమ్మా, మీ వాడకం హద్దు దాటింది. మీటరు దగ్గర బిళ్ళ వెయ్యాలి" అన్నారు. ఏం బిళ్ళ అంటే ఫిట్టరు జేబులోంచి తీసి చూపించాడు. చొక్కా గుండీ అంత ఇత్తడి బిళ్ళ, మధ్యలో సన్నటి బెజ్జం. అది పైపులో కూర్చోబెడితే ఆ బెజ్జంలోంచి కారినన్నే మా ఇంటికి నీళ్ళు.

"మా ఇంట్లో ఎంతమంది ఉంటారో తెలుసా?" అని అడిగాను.

"మాది మనుషుల లెక్క కాదమ్మా, గుమ్మం లెక్క. గుమ్మానికింత, అంతే" అన్నాడు ఫైలు మనిషి.

మా గుమ్మంలోంచి పొద్దున పదకొండు మంది పిల్లలు లోపలికి వస్తారని నీకు తెలుసు. అందరూ ఈ బిల్డింగు పిల్లలే. వాళ్ళ అమ్మల్లో ఒకామె నర్సు, ఒకామె బస్సు కండక్టరు, ఇద్దరు బట్టల షాపులో నిలబడే ఉద్యోగం. సాయంత్రం వాళ్ళు వచ్చేదాకా ఆ పదకొండు మంది ముక్కులూ మూతులూ కాళ్ళూ చేతులూ అన్నీ నేనే కడగాలి. ఒకడు బొమ్మని పాలల్లో ముంచుతాడు, ఒకతి పాలల్లో తనే కూర్చుంటుంది. రేపు నేను చేతులెత్తేస్తే ఆ ఆడవాళ్ళందరూ ఉద్యోగాలు మానుకుని ఇంట్లో కూర్చోవాలి.

అందుకని కిందికి దిగి మీటరు పెట్టె మూత మీద కూర్చున్నాను. ఒళ్ళో పిల్లల్లో ఒకతిని, మా బుంగమూతిని, కూర్చోబెట్టుకున్నాను. "లేవండమ్మా" అంటే "లేవను నాయనా" అన్నాను. కాసేపు చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

వాళ్ళు ఇచ్చిపోయిన కాగితం అడుగున ఈ పథకం తయారుచేసిన ఇంజనీరు సంతకం ఉంది. ఆ సంతకంలో మెలిక నాకు తెలుసు. మీ అన్నయ్యని అడిగితే పేపరు అడ్డం పెట్టుకుని "నన్ను మధ్యలోకి లాగకండి" అన్నారు.

నీదేనా? ఒక్క ముక్కలో చెప్పు.

వదిన


జలాశయం గట్టు, ఇంజనీర్ల క్వార్టర్స్
గురువారం

వదినకి,

నాదే.

ఒక్క ముక్కలో అడిగావు, చెప్పాను. మిగతాది నువ్వు అడగకపోయినా వినాలి, ఉత్తరం కదా.

రోజూ పొద్దున గట్టు మీద నడుస్తాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కాళ్ళ కిందే నీళ్ళు తళతళలాడేవి. ఇప్పుడు అడుగున మునిగిపోయిన పాత రోడ్డు పైకి తేలింది. దాని మీద మేకలు తిరుగుతున్నాయి. వానలు పడేదాకా ఊరంతా ఈ మిగిలిన నీళ్ళే తాగాలి. మీ బిల్డింగు పెద్ద పైపుకి దగ్గర. కొళాయి తిప్పితే వస్తాయి. ఊరి అవతలి కొసన, మేం చివరి లైను అంటాం, అక్కడ తిప్పితే గాలి వస్తుంది. పై వీధులవాళ్ళు వాడుకోగా మిగిలితేనే వాళ్ళకి. నువ్వు మూత మీద కూర్చున్న రోజున కూడా అక్కడ ఎవరో ఖాళీ బిందె ముందు కూర్చునే ఉంటారు.

గుమ్మం లెక్క ఎందుకంటావా? మనుషుల్ని లెక్కపెట్టాలంటే ప్రతి ఇంట్లోకీ దూరాలి. మనం దూరితే ప్రతి ఇంట్లోనూ నలుగురు మేనత్తలూ ముగ్గురు బాబాయిలూ పుట్టుకొస్తారు. కాగితం మీద జనం ఊరికి రెట్టింపవుతారు. గుమ్మం అబద్ధం చెప్పదు. ఆ నియమానికి ఎవరి మొహమూ తెలియకూడదని నేనే అలా రాశాను.

నువ్వు సంతకం చూసి గుర్తుపట్టావు. నేను హద్దు దాటినవాళ్ళ జాబితాలో అడ్రసు చూసి గుర్తుపట్టాను. కొట్టేయడానికి ఒక్క గీత చాలు. గీయలేదు. మా వదిన ఇల్లు వదిలేసి పక్కింటికి బిళ్ళ వేయించే మనిషిని కాను నేను.

ఒక పని చెయ్యి. ఫ్లష్ ట్యాంకులో రెండు చుక్కలు సిరా వెయ్యి. మీట నొక్కకుండానే కింద కమోడ్‌లో రంగు కనిపిస్తే, రాత్రీ పగలూ నీళ్ళు కారిపోతున్నట్టే. సగం ఇళ్ళలో హద్దు దాటేది అక్కడే.

దయచేసి మూత మీద కూర్చోకు.

మరదలు


రెండో అంతస్తు
ఆదివారం

మరదలికి,

నీ ఉత్తరం చదివి మొదట చింపేద్దామనుకున్నాను. తర్వాత సిరా వేశాను.

కమోడ్ నీలంగా మారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. రైలింజన్‌గాడు తెలుసుగా, నర్సు కొడుకు, రోజంతా కూత వేస్తూ తిరుగుతాడు, వాడైతే అక్కణ్ణించి కదలనన్నాడు. నాకు మాత్రం మొహం మాడిపోయింది. బిల్డింగంతా పొదుపు చేయాలని ఉపన్యాసం ఇద్దామనుకుంటే మొదటి దొంగ నా బాత్రూమ్‌లోనే దొరికాడు. వాషరు మార్పించాను.

తర్వాత సిరా సీసా పట్టుకుని నాలుగు అంతస్తులూ ఎక్కాను. తలుపు తీసినవాళ్ళకి నేనేం చేయబోతున్నానో చెప్పేసరికి కొందరికి నవ్వు, కొందరికి కోపం. పై అంతస్తు డ్రాయింగ్ మాస్టారు "సిరా నేనిస్తానమ్మా, రకరకాల రంగులున్నాయి" అన్నారు. కింది వాటాలో పళ్ళ డాక్టరుగారు ఒక్కరే ఉంటారు, ఆయనకి బాత్రూమ్‌లో పడవంత తొట్టి ఉంది. "నా బాత్రూమ్‌తో మీకేం పని?" అని తలుపు వేసుకున్నారు. సరే, మిగతా ఇళ్ళలో కారుతున్నవన్నీ బాగు చేయించాం.

ఇక మీ అన్నయ్య సంగతి. కొళాయి అలా ధారగా వదిలేసి, అద్దంలో తనని తాను చూసుకుంటూ గడ్డం గీసుకుంటారు. నేను వెళ్ళి కొళాయి కట్టేస్తే, "బస్సు నడిపే మనిషిని, ఈ ఒక్క సుఖం కూడా లేకుండా చేస్తారా వదినా మరదళ్ళిద్దరూ?" అన్నారు. మగ్గు చేతికిచ్చాను. ఇప్పుడు మగ్గుతోనే గీసుకుంటున్నారు, అద్దంలో మాత్రం ఇంకా అంతసేపూ చూసుకుంటున్నారు.

పిల్లల స్నానం నీళ్ళు తొట్టిలో పట్టి మెట్లు కడుగుతున్నాను, ఫ్లష్‌కి వాడుతున్నాను. ఇదంతా మీ బిళ్ళకి భయపడి చేస్తున్నానని అనుకోకు. చివరి లైను సంగతి రాశావు, అది మనసులో దిగింది. చెబితే చేసేవాళ్ళం కదా. చెప్పకుండా గొంతులో బిళ్ళ కూరడమెందుకు?

తగ్గించి చూపిస్తాను. బిళ్ళ మాత్రం వెయ్యనివ్వను. ఇద్దరున్న గుమ్మమూ పదమూడు మంది ఉన్న గుమ్మమూ ఒకటేనని రాసిన చెయ్యి నా మరదలిదైనా సరే, ఒప్పుకోను.

వదిన


జలాశయం గట్టు
బుధవారం

వదినకి,

మీ బిల్డింగు రీడింగు వచ్చింది. నిజంగా తగ్గింది. ఆఫీసులో ఎవరికీ కనబడకుండా కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను. నీలం కమోడ్ గురించి చదివినప్పుడు మాత్రం పైకే నవ్వాను.

అయినా మీ ఇంటి లెక్క ఇంకా హద్దు పైనే ఉంది. పదకొండు మంది పిల్లలు ఉన్నంతకాలం అది కిందికి రాదు, నాకు తెలుసు. మా పెద్ద ఇంజనీరుకి నువ్వు నా వదినవని ఎవరో చేరవేశారు. పిలిచి, "మీవాళ్ళ ఇల్లు కాబట్టే ముందు అక్కడ వేయించాలి. లేకపోతే రేపు మన మొహాన ఉమ్ముతారు" అన్నారు. నేను సరేనన్నాను. అందులో అబద్ధమేమీ కనిపించలేదు నాకు.

వాళ్ళు ఎప్పుడొస్తారో నాకు తెలుసు. చెప్పను.

ఇంకో పక్క నుంచి ఆలోచించు. పిల్లల్ని చూసుకోవడాన్ని ఒక వ్యాపారంగా రాయించుకుంటే వేరే పట్టీలోకి వెళ్తావు, హద్దు పెరుగుతుంది, రేటూ పెరుగుతుంది. అలా రాయించుకుంటే ఆ తల్లుల మీద పడే భారం కూడా పెరుగుతుందని నాకు తెలుసు. తెలిసీ చెబుతున్నాను, ఎందుకంటే ఇంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

కోపం వస్తే నన్ను తిట్టు. ఫిట్టర్ని తిట్టకు.

మరదలు


రెండో అంతస్తు
మంగళవారం

మరదలికి,

కవరు బరువుగా ఉందేమిటా అనుకున్నావు కదా. విప్పి చూడు. మీ ఆఫీసు సొమ్ము మీకే పంపిస్తున్నాను.

శుక్రవారం పిల్లల్ని వరసగా తాడు పట్టించి పార్కుకి తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి కొళాయి తిప్పితే నూలుపోగంత ధార. నీకు తెలుసు, చెప్పలేదు. సరే, చెప్పనని ముందే అన్నావు, ఆ మాట కాదనను.

మూడు రోజులు ఓర్చుకున్నాను. బకెట్టు కింద పెట్టి వంట చేసుకుని వచ్చినా నిండదు. నిన్న రైలింజన్‌కి విరేచనాలు పట్టుకున్నాయి. కూత లేదు, ఆట లేదు, నా భుజం మీద తల వాల్చేశాడు. దుప్పటి మారుస్తాను, మళ్ళీ మారుస్తాను. వాణ్ణి కడగాలి, నా చేతులు కడుక్కోవాలి, ఆ చేతులతోనే మిగతా పదిమందినీ ముట్టుకోవాలి. కొళాయి దగ్గర నిలబడితే ఆ నూలుపోగు అలా జారుతూనే ఉంది, తొందరేమీ లేనట్టు. వాడు నా ఒంటి మీదే మళ్ళీ చేసుకున్నాడు, "సారీ ఆంటీ" అన్నాడు. మూడేళ్ళవాడు, నాకు సారీ చెప్పాడు.

వాణ్ణి మీ అన్నయ్య చేతిలో పెట్టి, ఆయన పానా పట్టుకుని కిందికి దిగాను. పైపు విప్పాను, బిళ్ళ పీకాను. ఎవరూ చూడకుండా చేయలేదు. పట్టపగలు, మెట్ల మీద జనం చూస్తుండగా చేశాను. పళ్ళ డాక్టరుగారు గుమ్మంలో నిలబడి "ఇది నేరం" అన్నారు. "అవునండీ, కాస్త పక్కకి జరగండి, నీళ్ళు చిమ్ముతాయి" అన్నాను.

మీ పెద్ద ఇంజనీరుకి చెప్పు, నేనే పీకానని. మళ్ళీ వేస్తే మళ్ళీ పీకుతాను.

వదిన


జలాశయం గట్టు
శుక్రవారం

వదినకి,

బిళ్ళ అందింది. తీసుకెళ్ళి పెద్ద ఇంజనీరు బల్ల మీద పెట్టి, "మా వదిన పీకిందండీ" అని చెప్పాను.

పీకినవాళ్ళ కనెక్షను తీసేయాలన్నది నియమం. అదీ నేను రాసిందే. ఈ ఉత్తరం చేరేలోపు మీ ఇంటికి నీళ్ళు ఆగిపోయి ఉంటాయి. తర్వాత వార్డు ఆఫీసులో విచారణ పెడతారు. పథకం రాసిన మనిషిగా నన్నూ పిలిచారు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చోబోతున్నాం.

నియమానికి ఎవరి మొహమూ తెలియకూడదని నీకు గొప్పగా రాశాను కదా. ఆ మాటే తిరిగి తిరిగి వినబడుతోంది.

రైలింజన్ ఎలా ఉన్నాడు? ఇది ఆఫీసు ప్రశ్న కాదు. వెంటనే రాయి.

మరదలు


రెండో అంతస్తు
సోమవారం

మరదలికి,

ముందుగా, వాడు బాగున్నాడు. నిన్నటి నుంచి మళ్ళీ కూత మొదలుపెట్టాడు, చెవులు పగిలిపోతున్నాయి. ఇంత సంతోషంగా ఎప్పుడూ చెవులు మూసుకోలేదు.

కనెక్షను తీసేశారు. ఫిట్టరు నా మొహం చూడలేక గోడకేసి చూస్తూ పని చేశాడు. నువ్వు చెప్పావని తిట్టలేదు, మంచినీళ్ళిచ్చాను. "ఆఖరి గ్లాసు బాబూ, తాగు" అంటే పాపం తల దించుకుని తాగేశాడు.

ఆ సాయంత్రం ఏం జరిగిందో విను. కండక్టరమ్మ డ్యూటీ దిగి, ఆ యూనిఫాంతోనే రెండు బకెట్లు మోసుకొచ్చింది. ఆమె వెనక బట్టల షాపులో పనిచేసే ఆ ఇద్దరు తల్లులూ. ఆ తర్వాత పై నుంచి డ్రాయింగ్ మాస్టారు ఒక్కో మెట్టూ దిగుతూ, సగం నీళ్ళు పంచె మీద పోసుకుంటూ. ఆయన భార్య పైనుంచి కేకలు: "నడుం పట్టేస్తుందీ, వద్దండీ!" మాస్టారు బకెట్టు దించి, గోడకి ఆనుకుని ఆయాసపడుతూ అన్నారు: "మా ఇద్దరికి వచ్చే నీళ్ళలో సగం కూడా వాడుకోమమ్మా. మిగిలినవి ఇలా మోసి చచ్చేకంటే బిల్డింగంతా ఒకే మీటరు పెట్టుకుని, తలా ఇన్ని అని పంచుకుంటే పోలా?"

అక్కడే మెట్ల మీద కూర్చుని లెక్క వేశాం.

ఇన్ని గుమ్మాలకు వచ్చే నీళ్ళన్నీ కలిపితే మాకందరికీ సరిపోతాయి, పిల్లలతో సహా. ఆఫీసుకి గుమ్మాల లెక్క, మాకు మనుషుల లెక్క. మీకు ఒక్క చుక్క నష్టం లేదు.

పళ్ళ డాక్టరుగారు ఒక్కరే అడ్డం తిరిగారు. "నా వాటా నేనెందుకు ఇవ్వాలి, నాకేం ఒరుగుతుంది?" అన్నారు. రైలింజన్ వాళ్ళమ్మ ఆయన క్లినిక్‌లోనే నర్సు. ఎప్పుడూ ఆయన ఎదుట నోరెత్తని మనిషి. నిన్న నోరెత్తింది. "పిల్లాణ్ణి ఎక్కడ వదలాలో తెలియక రేపటి నుంచి నేను రాను సార్. క్లినిక్ తాళం ఇదిగో." తాళం ఆయన చేతిలో పెట్టింది. ఆయన తాళాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "తొట్టి స్నానం ఆదివారం ఒక్కరోజైనా ఉంచుతారా?" అన్నారు. ఉంచాం. అర్జీ మీద సంతకం పెట్టారు.

ఇప్పుడు చెప్పు. మీ నియమం ఇలా కలుపుకోనిస్తుందా, లేదా?

వదిన


జలాశయం గట్టు
గురువారం

వదినకి,

ఇస్తుందని లేదు. ఇవ్వదనీ లేదు. ఇలాంటిది ఎవరైనా అడుగుతారని రాసేటప్పుడు నాకు తట్టనే లేదు.

పెద్ద ఇంజనీరుతో మాట్లాడాను. "వీళ్ళకి ఒప్పుకుంటే రేపు ప్రతి బిల్డింగూ వస్తుంది. విచారణలో నిన్ను అడిగితే అలాంటి వీలు లేదని చెప్పు, ఒక్క మాట, అంతే" అన్నారు. చెప్పకపోతే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు కదా.

నేనేం చెబుతానో ఇప్పుడు రాయను. రాస్తే ఆ మెట్ల మీద నిలబడి నాలుగు అంతస్తులకీ చదివి వినిపిస్తావు.

ఒక్కటి మాత్రం చూసుకో. నీళ్ళు తగ్గేది ఎవరికో, వాళ్ళు మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. నీ నోటికి భయపడి ఒప్పుకోకూడదు. నీ నోరు నాకు తెలుసు.

మరదలు


రెండో అంతస్తు
విచారణ మర్నాడు

మరదలికి,

నాకు ఒక్క మాట కూడా చెప్పకుండా బస్సు ఎక్కేశావు. బయట మెట్ల మీద నీకోసం చూస్తూ నిలబడ్డాను.

"ఇలా కలుపుకోవడానికి నియమంలో వీలుందా?" అని అధికారి అడిగినప్పుడు నువ్వు కుర్చీలోంచి లేచి నిలబడ్డావు. మీ పెద్ద ఇంజనీరు నీ పక్కనే, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని. నేను నీ మొహంలోకి చూడలేక బల్ల కాళ్ళు చూస్తున్నాను. "ఉంది. నియమం రాసింది నేను, నాకు తెలుసు" అన్నావు. "ఊరంతా ఇలా కలుపుకుంటే నాకు ఇంకా మంచిది" అని కూడా అన్నావు. అప్పుడు మీ అన్నయ్య పక్కనున్న ఎవరో తెలియని మనిషి చెయ్యి పట్టుకుని ఊపేశారు.

కనెక్షను ఇచ్చేశారు. బిల్డింగంతటికీ ఒక మీటరు, ఒక హద్దు. ఇంతవరకూ నీకు తెలుసు. తెలియంది ఇది.

మెట్ల మీద ఒకావిడ నన్ను ఆపింది. మెడలో కొలతల టేపు, చేతిలో గుడ్డల సంచీ. చివరి లైనులో కుట్టుమిషను పెట్టుకున్నావిడ. లోపల మా వాదనంతా విందట. "గెలిచారు, సంతోషం. మీ ధార సన్నబడితే ఇంత గొడవ చేశారే, మాకు ధారే లేదు. మాకోసం ఎవరైనా పానా పట్టుకున్నారా?" అని అడిగింది. 

"మీ వీధి చూపించండి" అన్నాను. తీసుకెళ్ళింది. కొళాయి తిప్పి చూపించింది. పాములా బుస కొట్టి ఊరుకుంది. నువ్వు రాసింది చదవడం వేరు, ఆ చప్పుడు వినడం వేరు. తర్వాత మేడ మీదికి తీసుకెళ్ళి కొండ వైపు చెయ్యి చాపింది. అక్కడ పెద్దమనుషుల క్లబ్బు ఉంది, బంతాట ఆడే పచ్చిక మైదానం. మిట్టమధ్యాహ్నం ఎండలో నీళ్ళు గొడుగుల్లా తిరుగుతూ చిమ్ముతున్నాయి. కింద బిందెలు ఎండిపోతున్నాయి.

"అది మీ మరదలి జాబితాలో ఉందా?" అని అడిగింది. ఆమె అడిగిందే నేనూ అడుగుతున్నాను.

వదిన


చివరి లైను సెక్షను ఆఫీసు
శనివారం

వదినకి,

చిరునామా మారింది, చూశావుగా. విచారణ జరిగిన వారంలోనే కాగితం వచ్చింది. గట్టు మీది గది, గాలి, నీటి మీద పొద్దు, అన్నీ పోయాయి. ఇక్కడ రేకుల కప్పు, ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫిట్టరు. అతనెవరనుకున్నావు? నువ్వు ఆఖరి గ్లాసు ఇచ్చినతనే. అతన్నీ నాతోపాటే పంపారు, మీ ఇంట్లో నీళ్ళు తాగాడనేమో.

బస్సెక్కి పారిపోయానని కోపం పెట్టుకోకు. నువ్వు కనబడితే ఏడ్చేసేదాన్ని, ఆయన ముందు ఏడవదలచుకోలేదు.

క్లబ్బు జాబితాలో లేదు. ఉందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. సొంత బోరు నీళ్ళు వాడుతున్నారని పెద్ద ఇంజనీరు దాన్ని పక్కన పెట్టించారు, నేను నమ్మాను. ఇక్కడికొచ్చాక ఫిట్టర్ని వెంటబెట్టుకుని పైపు వెంట కొండ దాకా నడిచాను. బోరు ఎప్పుడో ఎండిపోయింది. ఆ గొడుగులన్నీ మన నీళ్ళే. చివరి లైనుకి రావాల్సిన పైపులోంచే కొమ్మ పైపు తీసుకున్నారు.

ఇంకో సంగతి. ఆ కొమ్మ నా సెక్షన్లోకి వస్తుంది. నన్ను ఇక్కడికి పంపినవాళ్ళు మ్యాపు చూసుకోలేదు పాపం.

ఎవరినీ అడగను. హద్దు దాటినచోట బిళ్ళ వేయడం సెక్షను ఇంజనీరు పని. మంగళవారం వెళ్తున్నాం. ఈసారి చెప్పి మరీ వెళ్తున్నాను.

మరదలు


రెండో అంతస్తు
సోమవారం

మరదలికి,

ఈ ఉత్తరం నీకు చేరేలా మీ అన్నయ్య తన బస్సులోనే పంపిస్తున్నారు. డ్రైవరు భార్యనయ్యాక ఇదొక్కటే పనికొచ్చింది.

మా దగ్గర కొత్త పద్ధతి నడుస్తోంది. గొడవలు లేవనుకోకు. మాస్టారు ఎవరింటికి ఎంతమంది చుట్టాలొచ్చారో మెట్ల దగ్గర కూర్చుని గమనిస్తున్నారు. డాక్టరుగారు ఆదివారం తొట్టిలో పాటలు పాడుతున్నారు, అది నీళ్ళ ఆఫీసు పరిధిలోకి రాదేమో కనుక్కో. కానీ హద్దు లోపలే ఉన్నాం, పిల్లలందరూ శుభ్రంగా ఉన్నారు.

మొన్న మీ పెద్ద ఇంజనీరే స్వయంగా వచ్చారు, వెనక కెమెరా మనిషి. మాది ఆదర్శ భవనమట, ఊరంతా పోస్టర్లు అంటిస్తారట, నేను కొళాయి పక్కన నవ్వుతూ నిలబడాలట. "మా మరదల్ని రేకుల కిందికి తోసి, నన్ను గోడకి అంటించుకుంటారా? నేను నవ్వను" అన్నాను. "మీకు గౌరవం ఇద్దామని వచ్చాం" అన్నారు. "ఆ గౌరవం చివరి లైనులో కొళాయికి ఇవ్వండి" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. వెనక నుంచి రైలింజన్ కూత వేశాడు. దిగి వెళ్ళిపోయారు.

రేపు పిల్లల్ని మాస్టారి భార్యకి అప్పగించి నేనూ వస్తున్నాను. అడ్డం రాను, నోరు తెరవను. నీ వెనక నిలబడతాను, అంతే. వద్దని రాసే టైము నీకు లేదు, అందుకే ఇవాళ పంపిస్తున్నాను.

వదిన


చివరి లైను సెక్షను ఆఫీసు
బుధవారం

వదినకి,

నిన్న నోరు తెరవనన్నావు. ఆ క్లబ్బు మేనేజరుతో అంతసేపు మాట్లాడినది ఎవరో మరి.

నువ్వు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాక జరిగింది రాస్తున్నాను. బిళ్ళ వేసే ముందు మేనేజరు "ఇది ఇల్లు కాదు, గుమ్మం లెక్క మాకు వర్తించదు" అన్నాడు, నువ్వు విన్నావు. "గేటు కూడా గుమ్మమే. మీకోసం పెద్ద గుమ్మం కట్టుకున్నారు, అంతే" అన్నాను, అదీ విన్నావు. ఆ మాటకి ఫిట్టరు పానా అందుకుని బిళ్ళ బిగించేశాడు. నువ్వు వెళ్ళాక పెద్ద ఇంజనీరు నుంచి ఫోను. తీసేయమన్నారు. "రాసి పంపండి, ఎందుకు తీయాలో కారణం కూడా రాయండి" అన్నాను. రాయలేదు.

బదులుగా ఇవాళ నా ఉద్యోగం నిలిపేసినట్టు కాగితం వచ్చింది, విచారణ తేలేదాకా. విచారణకి వెళ్తాను. కొండ మీద చూసిందంతా నిలబడి చెబుతాను. కుట్టుమిషను ఆవిడా, ఆ వీధివాళ్ళూ సాక్ష్యానికి వస్తామన్నారు. గుమ్మం లెక్క పోయి తలల లెక్క రావాలని కూడా అక్కడే అడుగుతాను. మేనత్తలూ బాబాయిలూ పుట్టుకొస్తే రానీ, మీ మాస్టార్ని కాపలా పెడతాను.

కాగితం అందినట్టు సంతకం తీసుకోవడానికి ఒకతన్ని పంపారు. ఎదురుగా రెండో కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. వదినకి ఉత్తరం రాస్తున్నాను, అయ్యాక పెడతానన్నాను. ఇంత పొడుగు ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు అర్థమైందా? సంతకం పడేదాకా ఈ సెక్షను నాది. నాది ఉన్నంతసేపూ ఆ బిళ్ళ తీయమని ఫిట్టరుకి ఎవరూ చెప్పలేరు.

ఆగు. వీధిలో ఏదో గోల.

వదినా, కుట్టుమిషను ఆవిడ ఇంటి దగ్గర కొళాయి దగ్గుతోంది. ఇక్కడికి వినిపిస్తోంది. గాలి, మళ్ళీ గాలి, తర్వాత ఎర్రటి తుప్పునీళ్ళు, ఇప్పుడు తెల్లగా. జనం బిందెలతో పరుగెడుతున్నారు. నన్ను కూడా పట్టడానికి రమ్మంటున్నారు, చేతులు చాలడం లేదట. సంతకం కోసం వచ్చినతన్ని లేపి, అతని చేతికీ ఒక బిందె ఇచ్చాను. తీసుకున్నాడు.

వెళ్తున్నాను.

మరదలు